మూత విప్పినప్పుడు

పాత యంత్రమును కొనువాడు ఒక్క బేరములో రెండు వస్తువులను కొనుచున్నాడు. ఒకటి కంటికి కనబడునది. రెండవది మూత క్రింద నుండునది. కనబడుదాని కొరకు బేరమాడును. కనబడనిదానిని నమ్మి తీసికొనును. నిజమునకు అతడు ధర చెల్లించునది ఆ రెండవదానికే. అయినను బేరమంతయు మొదటిదాని చుట్టునే తిరుగును. ఈ వింతను నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. పాత ఇంజను నొకదానిని కొని, దాని నొక మేస్త్రీ నా యెదుట విప్పిననాడు తెలిసికొంటిని. ఆనాడు లేచిన ప్రశ్న రెండేండ్ల తరువాత నా యింటి వాకిటికే వచ్చి నిలిచినది. ఆ ప్రశ్న యిది: లోపల దాగియున్న దోషమును ఎరిగినవాడు, అడుగనివానికి దానిని చెప్ప బద్ధుడా? నోరు మెదపకుండుట అబద్ధమాడుట యగునా?

అది 1994వ సంవత్సరము. నేనప్పుడు ఒక చిన్న పట్టణములో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడను. మా మామగారు వాడి యిచ్చిన 1978 నాటి అంబాసిడరు కారు నాయొద్ద నుండెను. ఆ వేసవిలో రేడియేటరులో నీరు ఎండిన సంగతి చూచుకొనక నడిపినందున ఇంజను మిక్కిలి వేడెక్కి దాని బ్లాకు పగిలినది. అతికించిన నిలువదనియు, మరియొక ఇంజను చూచుకొనవలసినదే యనియు మేస్త్రీగారు తేల్చిచెప్పిరి.

ఆ దినములలో పెట్రోలు ఇంజనులు దొరకుట కష్టము కాదు. పెట్రోలు ఖర్చు భరింపలేక అనేకులు, ముఖ్యముగా టాక్సీ నడుపువారు, తమ అంబాసిడరులకు డీజిలు ఇంజనులు పెట్టించుకొనుచుండిరి. తీసివేసిన పెట్రోలు ఇంజనులు పాత సామానుల అంగళ్లకు చేరుచుండెను. చెన్నపట్టణములో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి, కలకత్తాలో మల్లిక్ బజారు, మన విజయవాడలో ఆటోనగర్, ఇట్టి చోట్ల ఒక బండి మరణము మరియొక బండికి ప్రాణమగుట నిత్యము జరుగు పని. నేను కొన్న నగరము పేరు, అంగడి పేరు ఇక్కడ అనవసరము. అది ఎక్కడనైనను జరుగదగినదే.

అంగడివాడు ఆ ఇంజనుపై చేయి చరచి, “మాష్టారూ, ఇది విప్పని ఇంజను. కంపెనీ బిగింపు. కళ్ళు మూసుకొని తీసుకెళ్ళండి” అనెను. దానికి వెండిరంగు పూసి యుండెను. ప్రక్కన చెక్కిన నంబరు స్పష్టముగా కనబడుచుండెను. రవాణా కార్యాలయమువారు రిజిస్ట్రేషన్ పుస్తకములో వ్రాసికొనునది ఆ నంబరునే. ప్రభుత్వమునకు ఇంజను అనగా ఆ నంబరు. నాకు ఇంజను అనగా ఆ వెండిరంగు. నేను ఆయన చెప్పినట్లే కళ్లు మూసికొనియే తెచ్చుకొంటిని. కొన్ని నెలల జీతములలో మిగిల్చిన సొమ్ము దానికి చెల్లిపోయెను.

మేస్త్రీగారు మాత్రము కళ్లు మూసికొనుటకు ఒప్పుకొనలేదు. “విప్పి చూడకుండా బిగించడం నా వల్ల కాదండీ మాష్టారూ. పైన పటారం, లోన లొటారం అయితే రేపు పోయేది నా పేరు” అని చెప్పి, పాత ఆయిలును పళ్లెములోనికి దించి, ఇంజనును తలక్రిందులుగా త్రిప్పి, అడుగున నున్న ఆయిల్ చాంబరును ఊడదీసిరి. చాంబరు అడుగున పేరుకొన్న నల్లని మడ్డిని వ్రేలితో తీసి, బొటనవ్రేలితో రుద్ది, దీపము వెలుతురులో చూచిరి. ఆ మడ్డిలో సన్నని మెరుపు రవలు కనబడెను. “ఎక్కడో బేరింగు అరుగుతోంది” అనిరి. ఇంజను లోపలి సంగతిని మొదట చెప్పునది దాని ఆయిలేనని ఆనాడు నేను నేర్చుకొంటిని.

తరువాత హెడ్డు లేపిరి. పిస్టనుల నెత్తిమీద కట్టిన మసిని కిరసనాయిలు గుడ్డతో తుడువగా, ఒక్కొక్కదానిపై 040 అను అంకెలు బయటపడెను. దాని భావమును ఆయన నాకు వివరించిరి. ఈ 1489 సి.సి. ఇంజనులో సిలిండరు వ్యాసము మొదట 73.025 మిల్లీమీటర్లు. వాడగా వాడగా సిలిండరు గోడలు అరిగి కోలగా మారును. అప్పుడు లేతు షాపులో వాటిని మరికొంత వెడల్పుగా చెక్కించి, ఆ వెడల్పునకు సరిపడు పెద్ద పిస్టనులను వేయుదురు. అంగుళములో వేయవ వంతుల లెక్కను 010, 020, 030, 040 అని వాటికి గుర్తులుండును. 040 అనగా అంగుళములో వేయింట నలుబది వంతులు, ఒక మిల్లీమీటరుకంటె కొంచెము హెచ్చు. అనగా ఈ ఇంజను ఒక్కసారియైన విప్పబడినది. ఆ కొలతలను నేను ఇంటికి వచ్చి కాగితముమీద లెక్క వేయగా, పుస్తకములో 1489 సి.సి. అని యున్న ఆ ఇంజను నిజమునకు దాదాపు 1531 సి.సి. అయి యుండెను.

“కంపెనీ బిగింపు” అను మాట అక్కడనే కూలిపోయెను. అయినను మేస్త్రీగారి ముఖములో కోపము లేదు. ఆయన రెండవ సిలిండరు అంచున గోటితో మెల్లగా గీసి చూపించిరి. చుట్టును వెంట్రుకవంటి సన్నని గీత యొకటి కనబడెను. ఆ సిలిండరు గోడ పూర్వమెప్పుడో చెడిపోగా, దానిని విస్తారముగా చెక్కి, లోపల క్రొత్త ఇనుప స్లీవును దిగగొట్టి, దానిని మరల తక్కిన మూడింటితో సమానముగా బోరు చేయించిరి. “దీన్ని చేసినవాడు చేయి తిరిగినవాడండీ. పేరు తెలియదు గానీ పని చూస్తే తెలుస్తుంది” అని మేస్త్రీగారు ఆ గీతమీద మరియొకసారి వ్రేలు పోనిచ్చిరి. ఎన్నడును చూడని ఒక పనివానికి మరియొక పనివాడు చేసిన నమస్కారముగా అది నాకు తోచెను.

తరువాత క్రాంకు షాఫ్టు వైపు చూచిరి. దానిని కూడ ఒకసారి అరగదీసి, అందుకు తగిన 020 గుర్తుగల బేరింగు చిప్పలు వేసియుండిరి. ఇదియు మంచి పనియే. కాని మూడవ కనెక్టింగు రాడ్డు వద్ద ఆయన చేయి ఆగిపోయెను. ప్రతి రాడ్డునకును దాని క్రింది టోపీకిని ఒకే గుర్తు చెక్కబడి యుండును. ఏలయనగా ఆ రెండింటిని కలిపి బిగించి, ఒకే రంధ్రముగా కోయుదురు; ఒక రాడ్డు టోపీ మరియొక రాడ్డునకు సరిగా కూర్చుండదు. ఇక్కడ రాడ్డు గుర్తు ఒకటి, టోపీ గుర్తు మరియొకటి. బోల్టులు విప్పి టోపీని తీయగా, బేరింగు చిప్ప వెనుకనుండి మడత పెట్టిన వెండి కాగితము ముక్క జారి క్రింద పడెను. అది సిగరెట్టు పెట్టెలోని రేకు కాగితము.

దాని యుద్దేశమును మేస్త్రీగారు వివరించిరి. షాఫ్టునకును బేరింగు చిప్పకును నడుమ ఆయిలు పొర నిలుచుటకు కావలసిన సందు తల వెంట్రుక మందమునకు మించరాదు. అరిగినకొలది ఆ సందు పెరుగును; పెరిగినప్పుడు ఇంజను టకటకమని కొట్టుకొనును. క్రొత్త చిప్పలు కొని, షాఫ్టును అరగదీయించుట న్యాయమైన మార్గము. రేకు కాగితమును మడచి చిప్ప వెనుక దూర్చిన చప్పుడు కొంతకాలము అణగును. కాని చిప్ప తన ఆసనముపై పూర్తిగా ఆనదు; వేడి రాడ్డులోనికి ప్రాకదు; తుదకు చిప్ప తన చోటు విడిచి తిరుగవచ్చును. అప్పుడు బేరింగు పట్టుకొనును. రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకొని బయటికి రావచ్చును. అది రాత్రివేళ రహదారిమీద జరిగినయెడల బండిలోని వారి గతి చెప్పనక్కరలేదు.

ప్రియ చదువరీ, ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. ఆ ఇంజనులో మేము ఎదురుచూడని వస్తువులు మూడు విధములుగా కనబడినవి: పెద్ద పిస్టనులు, స్లీవు, రేకు కాగితము. మూడును కంపెనీ పెట్టినవి కావు. మూడును అమ్మినవాని మాటకు విరుద్ధమైనవే. అయినను మూడింటిని ఒకే పేరుతో పిలువగలమా? మార్పు దోషము కాదు. అరిగినదానిని బాగుచేయుట మోసము కాదు. లోకములో ఏ వస్తువును, ఏ మనుష్యుడును, తయారైన నాటి కొలతలతోనే నిలువడు. మరి స్లీవునకును రేకు కాగితమునకును భేదమెక్కడ నున్నది?

నాకు తోచినది యిది. స్లీవు వేసినవాడు, రేపెవడైన విప్పి చూచునని ఎరిగియే వేసెను. విప్పినవాడు చూచి సంతోషించునట్లు వేసెను. రేకు కాగితము దూర్చినవాడు, దీనిని ఎవరును విప్పకూడదని కోరుచు దూర్చెను. మొదటి పని చూపును భరించును. రెండవ పని మూత బిగిసియున్నంతవరకే నిలుచును. బాగుచేయుటకును కప్పిపుచ్చుటకును గల భేదమును ఇంతకంటె సులభముగా చెప్పుట నాకు చేతకాదు. మనము చేసిన దేనినైనను పరీక్షింపదలచినప్పుడు, ఇది క్రొత్తదా పాతదా అని కాక, దీనిని మరియొకడు విప్పి చూచినయెడల నేను అక్కడ నిలువగలనా అని అడుగుకొనుట మేలు.

నేను ఆ రేకు ముక్కను పొట్లము కట్టుకొని అంగడికి మరల పోతిని. అంగడివాడు దానిని చూడనైన చూడక, “విప్పిన ఇంజనుకు మా పూచీ లేదండీ” అనెను. ఆ మాటలోని చమత్కారము దారిలో గాని నాకు బోధపడలేదు. విప్పనంతవరకు దోషము తెలియదు. విప్పినంతనే పూచీ పోవును. చూచుటయే నేరముగా చేసిన పూచీ అది. అట్టి పూచీ అమ్మువానిని కాపాడునే గాని కొన్నవానిని కాపాడదు.

అతడు అబద్ధమాడెనా? ఆ కాగితము సంగతి అతనికి తెలియదని నమ్ముటకు నేను సిద్ధముగానే యున్నాను. కాని “విప్పని ఇంజను” అని అతడు నిశ్చయముగా పలికెను. తెలిసికొనుటకు ప్రయత్నింపని సంగతిని తెలిసినదిగా పలుకుట సత్యమునకు మిక్కిలి దగ్గరి బంధువు కాదు. మన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 18వ సెక్షనులో, తనకు గల సమాచారము సమర్థింపని సంగతిని, తాను నిజమని నమ్మినప్పటికిని, నిశ్చయముగా చెప్పుట తప్పుడు వర్ణన క్రిందికి వచ్చునని యున్నది. మనస్సాక్షి మాత్రము చట్టముకంటె ముందే ఆ సంగతి నెరుగును.

సరే, అంగడివానిని తీర్పు తీర్చుట నాకు సులభముగానే యుండెను. ఇతరుల ఇంజనును విప్పుట ఎల్లప్పుడును సులభమే.

నాయొద్ద సొమ్ము లేనందున ఆ ఇంజనునే బిగించుకొనవలసి వచ్చెను. మేస్త్రీగారు రేకును తీసివేసి, నాలుగింటికిని క్రొత్త చిప్పలు వేసి, ఆ వేరు టోపీని సాధ్యమైనంత సరిచేసి బిగించిరి. “నడుస్తుంది. కానీ ఎంతకాలమో నేను చెప్పలేను. వీలైనంత తొందరలో జతైన రాడ్డు తెచ్చి వేయిద్దాం” అని హెచ్చరించిరి. పని ముగిసిన తరువాత ఒక కాగితముపై, “పిస్టనులు 040, రెండవ బోరు స్లీవు, షాఫ్టు 020, మూడవ రాడ్డు టోపీ వేరు, మార్చవలెను” అని వ్రాసి నా చేతికిచ్చిరి. “ఈ బండి ఎవరి చేతికి పోయినా ఇది దానితోపాటే పోవాలండీ” అనిరి. నేను దానిని రిజిస్ట్రేషన్ పుస్తకము అట్టలో పెట్టితిని. రాడ్డు మాత్రము మార్పించలేదు. నేడు రేపు అనుకొనుచుండగానే రెండేండ్లు గడచినవి.

1996లో నాకు బదిలీ యైనందున కారును అమ్మదలచితిని. పూర్వము నాయొద్ద చదువుకొనిన యువకుడొకడు దానిని కొనుటకు వచ్చెను. అప్పు తెచ్చి, ఆ బండిని టాక్సీగా త్రిప్పి, కుటుంబమును పోషించుకొనవలెనని అతని ఆశ. ఇంజను మూత లేపి చూచి, మరల మూసి, “మీరు వాడిన బండి కదా మాష్టారూ, ఇంక నేను చూసేదేముంది?” అనెను. ఇంజను చక్కగా పలుకుచుండెను. నేను చిరునవ్వు నవ్వితిని, ఏమియు పలుకలేదు. అతడు ఐదు వందల రూపాయలు బయానాగా నా చేతిలో పెట్టి, నమస్కరించి పోయెను. మేస్త్రీగారి కాగితము పుస్తకము అట్టలోనే యుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాదములు మాత్రము విస్తారముగా వచ్చినవి. ఆ టోపీని నేను పెట్టలేదు గదా! నేనును మోసపోయినవాడనే గదా! అతడు అడుగలేదు గదా! పాత బండి కొనువానికి పాత బండియని తెలియదా! ధరయు తక్కువే గదా! రెండేండ్లు నడిచినది ఇంకను నడువదా! ప్రతి వాదమునకును ఒక కాలున్నది. ఏదియు రెండు కాళ్లమీద నిలువదు.

ఈ వాదములు నాతో పుట్టినవి కావు. క్రీస్తు పూర్వము 44లో రోమాపురి వాగ్మి సిసెరో మానవ ధర్మములను గూర్చి వ్రాసిన గ్రంథపు మూడవ భాగములో ఈ ప్రశ్ననే చర్చించెను. రోడ్సు ద్వీపములో కరవు. అలెగ్జాండ్రియానుండి ధాన్యపు ఓడతో నొక వర్తకుడు ముందుగా చేరెను. వెనుక మరికొన్ని ధాన్యపు ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును, ద్వీపవాసులకు తెలియదు. ఆ సంగతి చెప్పి తక్కువ ధరకు అమ్మవలెనా, చెప్పక హెచ్చు ధరకు అమ్మవలెనా? బాబిలోనువాడగు డయోజెనిసు అను తత్త్వవేత్త, చట్టము కోరిన దోషములను చెప్పి, వేరే కపటము లేక అమ్మినచో చాలుననెను. చెప్పకుండుట వేరు, దాచుట వేరని అతని వాదము. అతని శిష్యుడగు యాంటిపేటరు గురువుతో ఏకీభవింపలేదు. సాటి మనుష్యుల మేలు చూడవలసినవాడు కొనువానికి ఉపయోగపడు సంగతిని వానినుండి కప్పరాదనెను. సిసెరో శిష్యుని పక్షమే వహించెను. మౌనమంతయు దాచుట కాదు. కాని ఎదుటివాడు తెలిసికొనుట అతనికి మేలని ఎరిగి, నా లాభము కొరకు అతడు తెలిసికొనకూడదని కోరుచు మౌనము వహించినయెడల అది దాచుటయే యని అతని తీర్పు.

మన చట్టముకూడ ఈ భేదమును ఎరుగును. పైని చెప్పిన కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ప్రకారము కేవల మౌనము మోసము కాదు. అక్కడి ఉదాహరణములో ఒకడు అనారోగ్యముగల గుఱ్ఱమును వేలములో అమ్ముచు ఏమియు చెప్పడు. అది మోసము కాదు. అయితే కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తెయైనచో, ఆ సంబంధమును బట్టి అతడు చెప్పవలసినవాడే. మరియు కొనువాడు, నీవు కాదనని పక్షమున గుఱ్ఱము బాగుగానున్నదని యెంచెదనని పలికినప్పుడు, మౌనమే మాటతో సమానము. 1930 నాటి సరకుల విక్రయ చట్టము కూడ కొనువాడే జాగ్రత్తపడవలెనను సూత్రముతో మొదలిడి, అమ్మువాని నేర్పుమీద కొనువాడు ఆధారపడినప్పుడు ఆ సూత్రమును సడలించినది. ఆ మధ్యాహ్నము నా శిష్యుడు చెప్పిన మాటను జ్ఞాపకము చేసికొంటిని. మీరు వాడిన బండి కదా, ఇంక నేను చూసేదేముంది? అతడు ప్రశ్న అడుగలేదని నేననుకొంటిని. నిజమునకు అతడు అడుగదగిన ప్రశ్నలలోకెల్ల పెద్ద ప్రశ్న నడిగెను. నా చిరునవ్వే దానికి జవాబు. ఆ జవాబు అబద్ధము.

ధర తక్కువే గదా యను వాదము సంగతి యేమి? 1970లో జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల సంతను గూర్చియే ఒక వ్యాసము వ్రాసెను. పైకి బాగుండి లోపల చెడిన బండిని ఆ దేశపు వాడుకలో నిమ్మకాయ యందురు. అమ్మువానికి లోపలి సంగతి తెలియును, కొనువానికి తెలియదు. అందుచేత కొనువాడు ప్రతి బండిని సగము అనుమానముతో ధర కట్టును. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మనొల్లక సంతను విడిచిపోవును; మిగులునవి చెడిన బండ్లే. ఈ విచారణ కొరకును దీని వెంబడి పరిశోధనల కొరకును 2001లో అతనికి మరి యిద్దరితో కలిపి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. దీని భావము యేమనగా, ఒక్కొక్కని మౌనము ఒక్క కొనువానికే కాక యథార్థవంతులగు అమ్మువారందరికిని హాని చేయుచున్నది. పుట్టలుగా పేరుకొన్న అపనమ్మకము ఒక్క అబద్ధికుని పని కాదు. మాటలాడవలసిన చోట మాటలాడని వేలకొలది మర్యాదస్థుల పని. అంగడివాడు తనకు తెలియని కాగితమును నాకమ్మెను. నేను తెలిసిన టోపీని అమ్మజూచితిని. ఇద్దరిలో నేనే హెచ్చు నేరస్థుడను.

తెల్లవారగానే మేస్త్రీగారి కాగితమును, బయానా సొమ్మును తీసికొని ఆ యువకుని ఇంటికి పోయితిని. సంగతియంతయు చెప్పితిని. అతడు కాగితమును రెండు మారులు చదివి, కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “మాష్టారూ, ఇది మీకు నిన్ననే తెలుసు కదా. నిన్న ఎందుకు చెప్పలేదు?” అనెను. అతని గొంతులో కోపము లేదు. అందుచేతనే అది నాకు భరించుటకు మరింత కష్టమాయెను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. ఇన్నేండ్లు గడచినను నేటికిని లేదు.

అతడు బయానా తిరిగి తీసికొనలేదు. జతయైన రాడ్డు వెలను, కూలిని ధరనుండి తగ్గించుటకు ఒప్పుకొంటిమి. మేస్త్రీగారే దానిని మార్చిరి. కాగితముమీది ఆఖరి వాక్యమును కొట్టివేసి, మార్చిన తేదీ వ్రాసిరి. ఆ కాగితము పుస్తకముతోపాటు అతని చేతికి పోయెను. మా యిద్దరి నడుమ గౌరవము నిలిచినది. కాని ఆ చిరునవ్వునకు ముందున్నంత నిర్మలముగా మాత్రము నిలువలేదు. ఆలస్యముగా చెప్పిన సత్యము దోషమును బాగుచేయును, మచ్చను తుడువదు.

ఇంతవరకు చదివినవారు న్యాయముగా ఒక ప్రశ్న అడుగవచ్చును: అట్లయిన ప్రతివాడును తన అంతరంగమునంతయు వీధిలో పరచవలెనా? మేడిపండును గూర్చి మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ప్రతి పండును చీల్చి చూడనిదే నమ్మరాదనుట కూడ బ్రదుకు కాదు. మనుష్యునికి తన దుఃఖములను, తన పాత గాయములను తనయొద్దనే ఉంచుకొను హక్కు కలదు. నా ఆలోచనలో హద్దు ఇక్కడ నున్నది: ఆ దాగినదానిమీద మరియొకడు తన బరువు మోపవలసియున్నదా? నా గోడలోని పగులు నా సంగతి. ఆ యింటిని అద్దెకిచ్చునప్పుడు అది అద్దెకు వచ్చువాని సంగతి. ఒకని వ్యాధి అతని సంగతి. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు దానిలో కొంత ఎదుటివారి సంగతి యగును. ఉపాధ్యాయుడు వ్రాయు యోగ్యతా పత్రము, ఇంజనీరు సంతకము చేయు వంతెన నివేదిక, లెక్కలు చూచువాడు వేయు ముద్ర, ఇవన్నియు మూతలే. వాటిక్రింద నున్నదానిమీద ఎవరో ఒకరు తమ ప్రాణమునో, పొదుపునో, పిల్లల భవిష్యత్తునో మోపుచున్నారు. బరువు మోపువానికి తెలిసికొను హక్కు కలదు. అతడు అడిగినను అడుగకున్నను కలదు.

మరియొక సంగతి. మనలో ఎవరును కంపెనీ బిగింపుతో లేము. తండ్రితాతలనుండియు, గురువులనుండియు, స్నేహితులనుండియు, మనలను గాయపరచినవారినుండియు ఏవేవో భాగములు మనలోనికి వచ్చి చేరినవి. వాటిలో ఎవరో పేరెరుగనివారు శ్రద్ధతో వేసిన స్లీవులున్నవి; తొందరలో ఎవరో దూర్చిన రేకు కాగితములును ఉన్నవి; మనమే దూర్చుకొన్నవియు కొన్ని. చప్పుడు వినబడనంత మాత్రమున లోపల అంతయు బాగుగానున్నదని తలంచుట నా మొదటి పొరపాటు. నేను పెట్టలేదు గనుక దానికి నేను బాధ్యుడను కానని తలంచుట రెండవది. దోషమును పెట్టినవాడొకడు కావచ్చును. దానిని ఎరిగి మూత బిగించినవాడు మాత్రము నేనే.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఉత్తరపాడాలోని కర్మాగారమున నిలిచిపోయెను. ఆ మేస్త్రీగారును ఇప్పుడు లేరు. ఆయన వ్రాసిన కాగితమువంటిది ఒకటి మనలో ప్రతివానియొద్దను ఉండవలెనని నాకు తోచును: ఇది బాగుచేయబడినది, ఇది అరిగినది, ఇది ఇంకను మార్చవలసియున్నది అని తన స్వహస్తముతో వ్రాసికొన్నది. చదువరీ, ఈ సంవత్సరమున నీవును ఎవరికైన ఏదైన అప్పగింపబోవుచుందువు: ఒక వస్తువునో, ఒక పనినో, ఒక మాటనో. నీ చేతినుండి పుచ్చుకొనువాడు, మీరు వాడినదే కదా అని మూత మూయునప్పుడు, నీవు చిరునవ్వుతో ఊరకుందువా, లేక అట్టలోని కాగితమును తీసి అతని చేతికిత్తువా? ఆ క్షణము మిక్కిలి చిన్నది. నేను దానిని ఒక రాత్రి ఆలస్యముగా దాటితిని.